మిర్యాలగూడ మిల్లులో దొరికిన శృతి: నా అనుభవం

నల్లగొండ చుట్టుపక్కల పెళ్లి బరాత్‌కు మ్యూజిక్ కట్టడానికి ఒక లెక్క ఉంది. ముందు జానపద పాట నుంచి ఒక చరణం, దాని కింద తీన్మార్ దరువు, మధ్యలో డీజే పేరు అరిచే ట్యాగ్, అరనిమిషం తిరగకముందే అన్నీ ఆపి ఒక్కసారిగా వదిలే డ్రాప్. ఆ డ్రాప్ దగ్గర డీసీఎం ముందున్న పెళ్లికొడుకు దోస్తులు ఎగరకపోతే డీజే ఫెయిలైనట్టే. నేను చాలా ఏళ్లు ఈ లెక్కతోనే బతికాను. ఎఫ్ఎల్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌లో రీమిక్స్‌లు చేసేవాణ్ని, ఆ ప్రాజెక్ట్ ఫైళ్లు వేరే డీజేలకు అమ్మేవాణ్ని, ముహూర్తాలున్న నెలల్లో రాత్రుళ్లు బండి మీద నిలబడేవాణ్ని, మూఢాల్లో బాక్సులు విప్పి కాలిన కాయిల్స్, చిరిగిన కోన్లు మార్చుకునేవాణ్ని. అంతకుముందు మా నాయన మైక్ సెట్ నడిపాడు. మా ఇంట్లో సౌండ్ అంటే అద్దెకు ఇచ్చే వస్తువు.

అలాంటివాణ్ని పాట లేని, మాట లేని, ఎనిమిది నిమిషాలపాటు దాదాపు ఒకే తీరుగా సాగే టెక్నో అనే ఎలక్ట్రానిక్ సంగీతం వైపు ఎట్లా వచ్చానని చాలామంది అడుగుతుంటారు. కొందరు నిజంగా తెలుసుకుందామని అడుగుతారు. కొందరు "మరి పైసలెట్ల?" అనే మాట నోట్లో పెట్టుకుని అడుగుతారు. ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

మొదలు చెవితో అయింది. ఒక మాఘమాసం సీజన్ ముగిశాక కుడిచెవిలో సన్నగా కీమనే మోత పట్టుకుంది. బరాత్ అయిన రాత్రి అట్లా రావడం, తెల్లారేసరికి పోవడం మా లైన్‌లో అందరికీ అలవాటే. ఈసారి పోలేదు. నిద్రకు పోదామని కళ్లు మూస్తే ఇంకా గట్టిగా వినిపించేది. ఈఎన్‌టీ డాక్టర్ ఆడియోమెట్రీ రాశారు. చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించి, చేతికి బటన్ ఇస్తారు. 250 హెర్ట్జ్ నుంచి 8000 దాకా ఒక్కో శృతి సన్నగా వినిపిస్తుంటే, వినపడ్డప్పుడల్లా నొక్కాలి. నా గ్రాఫ్‌లో అంతా బాగానే ఉండి 4000 దగ్గర గీత కిందికి దిగింది, 8000 దగ్గర మళ్లీ లేచింది. పెద్ద శబ్దం వల్ల దెబ్బతిన్న చెవికి సాధారణంగా మొదట అక్కడే గుంట పడుతుందని చెప్పారు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు చచ్చిపోతే మనిషికి మళ్లీ పుట్టవు. మందు లేదు, ఉన్నది కాపాడుకోవడమే.

చెవి డాక్టర్లు, ఆరోగ్య నిపుణులు వాడే లెక్క ఒకటుంది. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండొచ్చు. అక్కడి నుంచి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ టైమ్ సగమవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి 15 నిమిషాలే మిగులుతాయి. మా బండి మీద ఫోన్‌తో కొలిస్తే అంకె వంద దాటేది, ఏ బరాత్ కూడా మూడు గంటలకు తక్కువ నడవదు. చేతిలో ఉన్న ఆర్డర్లు తమ్ముడికి అప్పజెప్పాను, ఇయర్ ప్లగ్స్ కూడా కొనిచ్చాను. వాడు మొదట్లో పెట్టుకోవడానికి సిగ్గుపడేవాడు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడు దోస్తులు "నీకు ముందే తెలిసినట్టు దిగిపోయినవ్ గదరా" అన్నారు. నాకు తెలిసిందల్లా ఆ గ్రాఫ్‌లో గుంట ఒక్కటే.

ఆ ఎండాకాలం ఇంట్లో కూర్చుని నా పాత మిక్స్‌లనే చిన్న వాల్యూమ్‌లో విన్నాను. ఏమీ మిగల్లేదు. అవి రోడ్డు కోసం, పెద్ద బాక్సుల కోసం, తాగి ఉన్న జనం కోసం చేసినవి. వాటి పని అవి బాగానే చేస్తాయి. బరాత్ మ్యూజిక్‌ను తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు పడదు. రెండు వందల మంది కాళ్లు ఒకేసారి నేల మీద పడేలా చేయడం ఎంత కష్టమో బండి ఎక్కినవాళ్లకే తెలుసు. కాకపోతే నాకిప్పుడు చిన్న సౌండ్‌లో కూడా నిలబడే మ్యూజిక్ కావాలి. వెతుక్కుంటూ పోతే డెట్రాయిట్ తగిలింది.

అమెరికాలో కార్ల ఫ్యాక్టరీలకు పేరున్న ఊరు డెట్రాయిట్. దాని పక్కన బెల్‌విల్ అనే చిన్న ఊళ్లో కలిసి చదువుకున్న ముగ్గురు నల్లజాతి కుర్రాళ్లు, హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్, 1980లలో డ్రమ్ మెషీన్లు, సింథసైజర్లతో (కరెంటుతో స్వరాలు పుట్టించే వాయిద్యాలతో) ఈ సంగీతాన్ని మొదలుపెట్టారు. ఫ్యాక్టరీలు మూతపడుతూ ఊరు ఖాళీ అవుతున్న కాలం అది. 1988లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఒక ఆల్బమ్‌తో టెక్నో అన్న పేరు స్థిరపడింది. బెర్లిన్ గోడ కూలిన తర్వాత అదే సంగీతం ఆ ఊరు చేరింది. అక్కడ 1991లో ట్రెజార్ అనే క్లబ్ పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ కింద ఉన్న ఖజానా గదిలో తెరిచారు. ఆ కథ నాకు నచ్చింది గాని నన్ను పట్టేసింది కథ కాదు. ఒక ట్రాక్ వింటుంటే నాలుగు నిమిషాలైనా డ్రాప్ రాలేదు. కిక్ (కింద పడే బరువైన డ్రమ్ దెబ్బ) నడుస్తూనే ఉంది. దాని మీద ఒక్క శబ్దం మాత్రం ఎప్పుడు మొదలైందో తెలియకుండా మెల్లగా పదునెక్కుతోంది. నేను అరనిమిషానికోసారి జనాన్ని లేపేవాణ్ని. ఇక్కడ ఎవరో ఎనిమిది నిమిషాలపాటు నన్ను అక్కడే నిలబెట్టి, కదలనివ్వకుండా కదిలిస్తున్నారు.

మా నాయన పక్కనే మంచం మీద పడుకుని విన్నాడు. చాలాసేపు ఓపికపట్టి "పాట ఎప్పుడొస్తదిరా ఇందుల?" అన్నాడు. పాట ఉండదని చెప్తే "అయితే ఇది మనది కాదు" అని తేల్చేశాడు.

ఆయనకు చెప్పడానికే కొంత చదివాను. రోలండ్ కంపెనీ టీబీ-303 అనే చిన్న బేస్ మెషీన్‌ను 1980ల మొదట్లో తెచ్చింది. గిటార్ వాయించేవాళ్లకు తోడుగా బేస్ వాయించడానికి దాన్ని చేశారు. అది అచ్చం బేస్ గిటార్ లాగా లేదని పెద్దగా ఎవరూ కొనలేదు, కొన్నేళ్లకే ఆపేశారు. తర్వాత షికాగో కుర్రాళ్లు ఆ మెషీన్‌ను సెకండ్‌హ్యాండ్‌లో చౌకగా కొని, దాని నాబ్‌లు తిప్పుతూ 1987లో యాసిడ్ హౌస్ అనే కొత్త శబ్దం తీశారు. అయితే వాళ్లకంటే ఐదేళ్లు ముందే, 1982లో, బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే చరణ్‌జీత్ సింగ్ అదే 303తోనూ, 808 డ్రమ్ మెషీన్‌తోనూ పది రాగాలు డిస్కో దరువు మీద వాయించి రికార్డు చేశాడు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం చెవులు నిక్కబొడుచుకుంది. ఇంకా వెనక్కి పోతే, 1969లోనే అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)లో మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ మ్యూజిక్ స్టూడియో పెట్టారు. అమెరికా నుంచి సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి దాన్ని నిలబెట్టాడు. ఇదంతా విని మా నాయన "బొంబాయి, అహ్మదాబాద్ సరే. నల్లగొండల ఏమున్నది?" అన్నాడు. ఆయన ఎగతాళిగానే అన్నాడు. కానీ ఆ ప్రశ్న నాకు పనికొచ్చింది. అప్పటికి నేను బెర్లిన్‌వాళ్లలాగే చేయడం నేర్చుకుంటున్నాను. వీడియోలు చూసి వాళ్ల కిక్, వాళ్ల రివర్బ్ (పెద్ద గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని), నిమిషానికి 130 దెబ్బల వాళ్ల టెంపో పెడితే బాగానే వచ్చేది. ఎవరు చేసినా అట్లాగే వచ్చేది.

మా మేనమామ మిర్యాలగూడలో రైస్ మిల్లు ఆపరేటర్. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర బయల్దేరి తిప్పర్తి, వేములపల్లి మీదుగా పోతుంటే, వానాకాలం పంట వచ్చే రోజుల్లో రోడ్డు పొడవునా వడ్ల ట్రాక్టర్లే. సాగర్ ఎడమకాల్వ నీళ్లతో పండిన వడ్లన్నీ ఆ మిల్లుల దారి పడతాయి. చిన్నప్పుడు మామ ఇంట్లో పడుకుంటే రాత్రంతా మిల్లు మోత వినిపించేది. ఓనర్‌ను అడిగి, ఒకరోజు రికార్డర్ పట్టుకుని లోపలికి పోయాను. (1948లో పారిస్ రేడియోలో పనిచేసే పియర్ షాఫెర్ రైళ్ల శబ్దాలు రికార్డు చేసి వాటినే సంగీతంగా కట్టాడని అప్పటికే చదివాను. కాబట్టి నాది కొత్త ఆలోచనేమీ కాదు.)

మామూలు మైక్‌తో తీస్తే ఏదీ విడిగా రాలేదు, మొత్తం కలిసి ఒకటే గోల. అప్పుడు పీజో డిస్కులు కొన్నాను. పాత గ్రీటింగ్ కార్డుల్లో, అలారం గడియారాల్లో ఉండే పలుచటి ఇత్తడి బిళ్లలే. ఒక్కోటి ఇరవై రూపాయల లోపు వస్తుంది. దానికి రెండు వైర్లు సోల్డర్ చేసి, టేపు చుట్టి, మెషీన్ బాడీకి నేరుగా అంటిస్తే గాలిలోని గోలను పెద్దగా పట్టదు, ఆ ఇనుములో పారే వణుకును పట్టుకుంటుంది. చిక్కు ఏంటంటే, మామూలు మైక్ ఇన్‌పుట్‌కు పెడితే పీజోలో బేస్ మొత్తం పోతుంది. గిటార్ పెట్టుకునే హై-జడ్ ఇన్‌పుట్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని లాప్‌టాప్‌లోకి పంపే పెట్టె) కావాలి. ఇది తెలిశాక రికార్డింగ్ మారిపోయింది. లాప్‌టాప్‌కు పాలిథిన్ కవర్ తొడగాలి, లేదంటే తవుడు దుమ్ము కీబోర్డులోకి పోతుంది. ఈ రకం పని చేద్దామనుకునేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే సలహా నా దగ్గర లేదు.

మిల్లులో ఒక్కో మెషీన్‌కు ఒక్కో నడక. వడ్ల మీది ఊక తీసే షెల్లర్‌లో రెండు రబ్బరు రోళ్లు వేర్వేరు స్పీడ్‌లో తిరుగుతాయి. దాని శబ్దం గరగరగా, తెరిపి లేకుండా ఉంటుంది. ఎలివేటర్ బకెట్లు పైకి పోతూ ఒక వరసలో తగులుతుంటాయి. పొట్టు పోని వడ్లను బియ్యం నుంచి వేరుచేసే సపరేటర్ అటూ ఇటూ ఊగుతుంది, దాని దెబ్బ నిమిషానికి 112 దగ్గర పడుతోంది. చివర్లో సార్టెక్స్. బియ్యం సన్నటి ధారగా జారుతుంటే కెమెరా ఒక్కో గింజనూ చూస్తుంది. నల్ల గింజ, రాయి కనపడితే అక్కడున్న వాల్వ్ తెరుచుకుని గాలితో దాన్ని పక్కకు కొడుతుంది. ఆ వాల్వ్‌ల చప్పుడు పేలాలు వేగినట్టుంటుంది. లాట్ మంచిదైతే అక్కడొకటి ఇక్కడొకటి. తడిసి రంగు మారిన వడ్లు వస్తే ఎడతెగకుండా. టెక్నోలో హై-హ్యాట్‌కు (పైన సన్నగా టిక్కుమనే తాళం చప్పుడుకు) రాండమ్ తెప్పించడానికి జనం ఎన్నో ప్లగిన్లు కొంటారు. నాకు మాత్రం హై-హ్యాట్ ఎంత దట్టంగా ఉండాలో ఆ ఏడాది కురిసిన వాన నిర్ణయించింది.

అన్నిటికంటే పెద్ద మార్పు కరెంటు వల్ల వచ్చింది. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమనేది దానికి రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్ దగ్గర. పియానోలో ఆ చుట్టుపక్కల ఉన్న స్వరం జీ, 98 హెర్ట్జ్. మిల్లు మోత దానికంటే ఒక పిసరు ఎక్కువ, సరిగ్గా చెప్పాలంటే 35 సెంట్లు (పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). సింథసైజర్‌లో జీ నొక్కి మిల్లు రికార్డింగ్ పక్కన పెడితే రెండూ కొట్టుకునేవి. మిల్లు శబ్దాన్ని పిచ్ తగ్గించి సింథ్‌కు కలపడం మామూలు పద్ధతి. నేను సింథ్‌లన్నిటినీ 35 సెంట్లు పెంచాను. కిక్‌ను 50 హెర్ట్జ్ మీద కూర్చోబెట్టాను. డెట్రాయిట్‌లో కరెంటు 60 హెర్ట్జ్, అక్కడి ట్రాన్స్‌ఫార్మర్లు 120 దగ్గర మోగుతాయి. అక్కడి ఫ్యాక్టరీ శృతి వేరు, మా మిల్లు శృతి వేరు. ఇది విన్నాక మా నాయన మొదటిసారి లేచి కూర్చున్నాడు. మైక్ సెట్ రోజుల్లో ఆంప్లిఫయర్‌లో వచ్చే ఆ హమ్మింగ్‌ను పోగొట్టడానికి ఆయన ఎర్తింగ్ వైర్లతో జీవితమంతా కుస్తీపట్టాడు. "దాన్ని తీసేటందుకు నేను సస్తే, నువ్వు దాన్నే పాట జేస్తున్నవా?" అన్నాడు.

మోటార్ల సంగతి కూడా చెప్పాలి. మిల్లుల్లో ఎక్కువగా కనపడే ఇండక్షన్ మోటారు లోడ్ లేనప్పుడు నిమిషానికి 1500 చుట్ల దగ్గర తిరుగుతుంది. వడ్లు పడి లోడ్ పెరిగితే 1440 దగ్గరికి దిగుతుంది. అంటే సెకనుకు 24 చుట్లు. ఫోన్ స్పీకర్‌లో ఆ 24 హెర్ట్జ్ వినపడదు, పెద్ద బేస్ బాక్సు ముందు నిలబడితే మాత్రం కడుపులో తెలుస్తుంది. వడ్ల ధార హెచ్చుతగ్గులను బట్టి ఆ స్పీడ్ కొద్దికొద్దిగా మారుతూ ఉంటుంది, దాంతోపాటు సపరేటర్ టెంపో కూడా. దెబ్బలన్నీ సమాన దూరంలో పడేలా గీసి ఉండే కంప్యూటర్ గ్రిడ్‌కు అలవాటుపడ్డవాడికి ఇది చిరాకు. మొదట్లో రికార్డింగ్‌ను ముక్కలు కోసి గ్రిడ్‌కు తెచ్చాను. ట్రాక్ నీట్‌గా వచ్చింది, మిల్లు మాత్రం అందులో లేదు. మళ్లీ అన్నీ విప్పి, గ్రిడ్‌ను మిల్లు వెంట నడిపించాను. అందుకే నా టెంపో 112 దగ్గర ఆగింది, టెక్నోకు అది చాలా నిదానం.

ఆ మిల్లులో సపరేటర్లు రెండున్నాయి. ఒకటి 112, రెండోది 114 దగ్గర ఊగుతుంది. రెండు దెబ్బలు ఒక్కటై, తర్వాత మెల్లగా విడిపోయి, ఒకదాని సందులో ఒకటి పడి, దాదాపు అరనిమిషానికి మళ్లీ కలుస్తాయి. ఎవరూ ఏమీ వాయించకుండానే మధ్యలో కొత్త కొత్త దరువులు పుట్టి పోతుంటాయి. అమెరికా సంగీతకారుడు స్టీవ్ రైష్ 1965లో రెండు టేపు రికార్డర్లలో ఒకే మాటను లూప్ చేసి నడిపితే, అవి కొద్దికొద్దిగా పక్కకు జరగడం విని ఒక కొత్త సంగీత పద్ధతినే పట్టుకున్నాడు. మామ అక్కడే రోజూ కూర్చుని బీడీ కాలుస్తాడు. నేను ఎంతో సంబరంగా ఈ కలయిక గురించి చెప్తే, "కలిసినప్పుడు నేల అదురుతది అల్లుడా, అందుకే కింద రబ్బరు ప్యాడ్ ఏసినం" అన్నాడు. నేను సంగీతం అన్నది ఆయనకు మెయింటెనెన్స్ సమస్య.

ఆయన చెవి నాకంటే గొప్పదని తర్వాత తెలిసింది. మొదటి ట్రాక్ ఒక రూపానికి వచ్చాక హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. శబ్దాలన్నీ ఫిల్టర్లలో, ఎకోల్లో ముంచి తీశాను కాబట్టి గుర్తుపట్టడనుకున్నాను. ఐదో నిమిషం దగ్గర చెయ్యెత్తి ఆపమన్నాడు. "ఈ రోజు షెల్లర్ రబ్బరు అరిగింది. మార్చకముందు తీసినవ్ ఇది." రికార్డింగ్ తేదీ చూస్తే నిజమే, రబ్బరు రోళ్లు ఆ మర్నాడే మార్చారు. మిల్లు ఆపరేటర్లు శబ్దం విని బెల్టు వదులైందో, బేరింగ్ పోతోందో చెప్తారు. ఎనిమిది గంటలు ఒకే మోతను వింటూ, అందులో వచ్చిన చిన్న తేడాను పట్టుకోవడమే వాళ్ల ఉద్యోగం. టెక్నో వినేవాళ్లకు కావాల్సిందీ అదే ఓపిక. ఆ రోజు తర్వాత ట్రాక్‌లలో నేను చేసే మార్పులు ఇంకా చిన్నవైపోయాయి. ఇంతకుముందు "ఇది జనానికి తెలుస్తుందా" అనుకునేవాణ్ని. ఇప్పుడు మామకు తెలిస్తే చాలనుకుంటాను.

తీన్మార్ చేతిలోంచి పోలేదు. కాకపోతే దాన్ని దరువుగా వినిపించడం మానేశాను. కిక్ పదహారు అడుగుల లెక్కలో నడుస్తుంటే, దాని మీద తీన్మార్ నుంచి తెచ్చిన పన్నెండు అడుగుల లూప్ పెడతాను. రెండూ నలభై ఎనిమిదో అడుగు తర్వాత, అంటే మూడు బార్లకు (పదహారు అడుగులు ఒక బార్) మళ్లీ మొదట్లో కలుస్తాయి. బరాత్‌లో ఎగిరినవాడి భుజాలు ఆ పన్నెండును పట్టుకుంటాయి, టెక్నో వినేవాడి తల పదహారును పట్టుకుంటుంది.

డప్పు విషయంలో చాలా ఆలోచించాను. ఎలక్ట్రానిక్ బీట్ మీద డప్పు శాంపిల్ అతికించి ఫ్యూజన్ అని పేరు పెట్టడం మన దగ్గర ఈజీగా చప్పట్లు పడే పని. నేనూ ఒక వర్షన్ చేశాను, దోస్తులకు అదే నచ్చింది. నాకు అది పెళ్లి కార్డు మీద అచ్చేసే బొమ్మగా కనపడింది, తీసేశాను. పక్క వాడలో డప్పు కొట్టే తాత ఒకాయన ఉన్నాడు. మా బాక్సులు వచ్చాక ఆయనకు పెళ్లి పిలుపులు తగ్గిపోయాయి, సావు డప్పు మాత్రం మిగిలింది. రికార్డింగ్ కోసం పైసలిచ్చి పిలిచాను. ఆయన వాయించడానికి ముందు కాగితాలు, గడ్డి అంటించి మంటకు డప్పు కాచాడు. కుడిచేతి సిర్రతో ఒకటి కొట్టి విని, మళ్లీ కాచాడు. ఎడమచేతి సిటికెన పుల్లతో అంచు మీద తట్టి చూశాడు. తోలు వేడెక్కితే బిగిసి శృతి పైకి పోతుంది. వాయిస్తుంటే చల్లారి మెల్లగా కిందికి జారుతుంది. వానాకాలంలో ఇంకా తొందరగా జారుతుంది, అప్పుడు ఆపి మళ్లీ కాయాలి. ఇది నాకు చిన్నప్పటి నుంచి కంటికి తెలిసిన విషయమే, చెవికి అప్పుడే తెలిసింది.

ఆ జారడాన్ని తీసుకున్నాను. నా ట్రాక్‌లో కిక్ శృతి 50 హెర్ట్జ్ దగ్గర మొదలై రెండున్నర నిమిషాల్లో కొద్దిగా దిగుతుంది. వినేవాడికి ఏదో బరువెక్కినట్టు అనిపిస్తుంది గాని ఏంటో తెలియదు. అప్పుడు మిగతావన్నీ ఆపి, ఒక్క కిక్‌ను మాత్రం రెండు బార్లలో మళ్లీ పైకి లాగుతాను. మా బరాత్ డ్రాప్ ఉండాల్సిన చోట ఇప్పుడు ఈ కాచడం ఉంది. ట్రాక్ విన్న తాత "నా సప్పుడు ఏదిరా ఇందుల?" అని అడిగాడు. ఎక్కడ ఉందో చూపించాను. ఆయన ఒప్పుకోలేదు. "పైసలిచ్చినవ్ కాబట్టి ఊకుంటున్న" అన్నాడు.

సూర్యాపేట దగ్గరి పెద్దగట్టు జాతరలో కూడా భేరీలు, గజ్జెలు, జనం "ఓ లింగా" అనే కేక రికార్డు చేశాను. చాలా బాగా వచ్చింది. ఎక్కడా వాడలేదు. ఆ కేకను ముక్కలు కోసి లూప్ చేయడానికి చేయి రాలేదు, అంతే.

మిక్సింగ్‌లో నా చెవి గుంట అడ్డం వచ్చింది. 4000 దగ్గర నాకు తక్కువ వినపడుతుంది కాబట్టి తెలియకుండానే అక్కడ ఎక్కువ పెంచేస్తాను. స్క్రీన్ మీద అనలైజర్ చూస్తూ, చివరికి తమ్ముడిని కూర్చోబెట్టి వినిపిస్తాను. సార్టెక్స్ టిక్కులు గుచ్చుకుంటున్నాయంటే మారుమాట లేకుండా తగ్గిస్తాను. ఎకోల విషయంలో మాత్రం వాడి మాట వినను. బెర్లిన్‌లో మార్క్ ఎర్నెస్టస్, మోరిట్జ్ ఫాన్ ఓస్వాల్డ్ బేసిక్ చానల్ పేరుతో 1993 నుంచి చేసిన పని నాకు అక్కడ గురువు. ఒక్క కార్డ్‌ను (కలిపి మోగే కొన్ని స్వరాలను) ఎకోలో పడేసి, అది తిరిగి తిరిగి అరిగిపోతుంటే దాన్నే ట్రాక్‌గా నిలబెట్టడం వాళ్ల దగ్గర నేర్చుకున్నాను.

మొదటి లైవ్ హైదరాబాద్‌లో ఒక చిన్న హాల్లో చేశాను. లాప్‌టాప్, నాబ్‌లున్న కంట్రోలర్, 303కు నకలుగా వచ్చే చవక మెషీన్ ఒకటి. వచ్చినవాళ్లలో చాలామంది కింద కూర్చుని కళ్లు మూసుకుని విన్నారు. బరాత్‌లో కళ్లు మూసుకున్నవాణ్ని చూస్తే పడిపోతాడేమోనని భయం, ఇక్కడ అదే మెచ్చుకోలు. అలవాటు కావడానికి టైమ్ పట్టింది. చేతులు మాత్రం పాత పనే చేశాయి. జనం ఒళ్లు ఎప్పుడు సిద్ధమవుతుందో బండి మీద నిలబడి నేర్చుకున్నాను, అది ఇక్కడా అట్లాగే పనికొచ్చింది. తేడా ఒక్కటే, సిద్ధమయ్యారని తెలిశాక కూడా ఇంకొంచెం ఆగడం.

నల్లగొండలో మూఢం రోజుల్లో, తమ్ముడి బాక్సులతోనే ఒక ఫంక్షన్ హాల్లో పెట్టాను. సౌండ్ లిమిటర్ బిగించి తొంభై దాటనివ్వలేదు. జిల్లాలోని డీజేలు చాలామంది వచ్చారు. అరగంటకే సగం మంది టీకి పోయారు. ఉన్నవాళ్లలో ఒక చిన్న పిల్లగాడు దగ్గరికొచ్చి "అన్నా, డ్రాప్ ఎందుకు దాచినవ్?" అని అడిగాడు. కిక్ ఫైల్ పంపమని కూడా అడిగాడు. పంపాను. రెండు వారాలకు అదే కిక్, 35 సెంట్ల తేడాతో సహా, ఒక జానపద రీమిక్స్‌లో మోగుతూ మా వీధిలోంచి పోయింది. పాట శృతికి అది కలవలేదు. ఎవరూ పట్టించుకోలేదు, జనం బాగానే ఎగిరారు.

పైసల సంగతి. సంగీతం నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైట్‌లో పెట్టిన ట్రాక్‌లను ఎక్కువగా యూరప్‌వాళ్లు కొంటారు. అది పీజో డిస్కులకు, కరెంటు బిల్లుకు సరిపోతుంది. ఇల్లు నడిచేది తమ్ముడి బండి మీద, నేను షార్ట్ ఫిలిమ్స్‌కు చేసే సౌండ్ పని మీద. బరాత్ రోజులతో పోలిస్తే చేతిలో ఆడే డబ్బు తక్కువే. ఇంట్లో ఈ విషయం మీద గొడవలు లేవని చెప్పను.

వచ్చే యాసంగి వడ్లు మిల్లుకు చేరే టైమ్‌కు బాయిల్డ్ మిల్లులో రికార్డు చేయాలని ఉంది. వడ్లు ఉడికించే ఆవిరి పైపుల్లో వేడెక్కేటప్పుడు, చల్లారేటప్పుడు టకటకమనే శబ్దాలు వస్తాయి. పీజోను నేరుగా అంటిస్తే వేడికి జిగురు కరిగి ఊడిపోతోంది. మామ ఒక ఉపాయం చెప్పాడు. పైపుకు పొడవాటి ఇనుప చువ్వ బిగించి, దాని చల్లటి చివరన డిస్కు అంటించమన్నాడు. బేరింగ్ మంచిదో కాదో చూడ్డానికి వాళ్లు స్క్రూడ్రైవర్ ఒక కొన మెషీన్‌కు, ఇంకో కొన చెవికి ఆనించి వింటారట. అదే పద్ధతి. చువ్వ ఎంత పొడవుండాలో ఈ ఆదివారం పోయి చూస్తాం.